‘వద్దు’ అన్న మాట మీకు తెలియాలి

ఒరెగాన్ రాష్ట్రంలో లైసెన్సు మీద పనిచేస్తున్న సైలోసైబిన్ ఫెసిలిటేటర్లకు,

నేను హిల్స్‌బరోలో ఉంటాను. పుట్టి పెరిగింది తెనాలిలో. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా ఉద్యోగం. నాకు ఆటిజం ఉందని నలభై ఒకటో ఏట తెలిసింది. ఏడీహెచ్‌డీ కూడా ఉందని ఆ తరువాత నాలుగు నెలలకు తేలింది. నిరుడు వసంతంలో ఈ రాష్ట్రంలోనే ఒక సర్వీస్ సెంటర్‌లో, పుట్టగొడుగుల్లో ఉండే సైలోసైబిన్ తాగి, మీలాంటి ఫెసిలిటేటర్ పక్కన కూర్చుని ఉండగా సెషన్ చేశాను. ఆ సెంటర్ పేరు, ఆ రోజు నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు ఈ లేఖకు అక్కర్లేదు. ఆవిడ మంచి మనిషి. ఆ రోజు జరిగిన పొరపాటు మంచితనం లేక జరిగింది కాదు, ఒక సంగతి తెలియక జరిగింది. ఆ సంగతి చెప్పడానికే ఈ లేఖ.

దీన్ని ఇంగ్లిష్‌లోనూ మీకు పంపుతున్నాను. తెలుగులో రాయడానికి కారణం ఉంది. హిల్స్‌బరో, బీవర్టన్ చుట్టుపక్కల మా తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలోనూ నాలాంటి పెద్దవాళ్లున్నారు. కొందరికి తమ సంగతి తెలుసు, ఎక్కువమందికి తెలియదు. ‘నువ్వు వెళ్లావటగా, ఎలా ఉంటుంది?’ అని గుడి మెట్ల దగ్గర, పిల్లల బర్త్‌డే పార్టీల్లో గొంతు తగ్గించి అడుగుతున్నారు. మీకు చెప్పేది వాళ్లు కూడా వినాలి.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను.

పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లాను. చిన్న గది, నేల మీద పరుపు, పక్కన కుర్చీ, కిటికీకి మందపాటి తెర. మూల డిఫ్యూజర్‌లోంచి లావెండర్ వాసన వస్తోంది. మనుషులకు అది హాయిగా ఉంటుందని పెట్టారు. నాకు ఆ వాసనకు కణతలు నొక్కుకుపోతాయి. ఆ మాట అడిగినవాళ్లు లేరు, నాకూ చెప్పాలని తోచలేదు. పొడి చేసిన పుట్టగొడుగులు వేడినీళ్లలో కలిపి, నిమ్మరసం పిండి కప్పులో ఇచ్చారు. మొత్తం 25 మిల్లీగ్రాముల సైలోసైబిన్. తాగి పడుకున్నాను. కళ్లకు గంతలు కట్టుకోమన్నారు. ఆ గంతల ఎలాస్టిక్ చెవి పైన ఒరుసుకుంటుంటే అరగంట సేపు నా లోకమంతా ఆ చెవి దగ్గరే ఆగిపోయింది. తీసేస్తే మర్యాదగా ఉండదేమోనని తియ్యలేదు.

తరువాత మొదలైంది. రంగులూ ఆకారాలూ అందరూ చెప్పేవే, వాటి గురించి రాయను. నాకు జరిగింది వేరు. నేను లేచి కూర్చుని ఊగడం మొదలుపెట్టాను. ముందుకూ వెనక్కూ, మోకాళ్లు చేతులతో చుట్టుకుని. ఏడో తరగతిలో లెక్కల పీరియడ్‌లో బెంచీ మీద అలా ఊగుతుంటే స్కేలుతో వీపు మీద కొట్టారు. ఆ దెబ్బ కంటే వెనక బెంచీల నవ్వు ఎక్కువ గుర్తు. ఆ రోజు నుంచి ఊగడం మానేశాను. కాలి బొటనవేలు బూటులో కదుపుకోవడం, నాలుకతో పళ్లు లెక్కపెట్టుకోవడం, ఇలా ఎవరికీ కనిపించని పనులు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లు దాటాక ఆ గదిలో మళ్లీ ఊగాను. ఎవరూ ఆపలేదు. అంత హాయి నా ఒంటికి ఎప్పుడు తెలిసిందో నాకు గుర్తు లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అవి బాధతో వచ్చినవి కావు.

అప్పుడు నా భుజం మీద చెయ్యి పడింది.

గట్టిగా వేసిన చెయ్యి కాదు. వేళ్ల కొసలు మాత్రం ఆనించిన చెయ్యి. నన్ను గట్టిగా అదిమిపెడితే నాకు ఏమీ కాదు, ఇష్టం కూడా. తేలికగా తాకితే మామూలు రోజుల్లోనే గొంగళిపురుగు పాకినట్టు ఉంటుంది. ఆ రోజు ఆ వేళ్లు ఇస్త్రీపెట్టెలా ఉన్నాయి. ఇంగ్లిష్ ఒక్క ముక్క నోటికి రాలేదు. ‘వద్దు’ అన్నాను. ఆవిడ వంగి, ఎంతో ప్రేమగా, ‘వాటర్?’ అంది. వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చింది. నాకు నీళ్లు పట్టి, మళ్లీ అదే చోట చెయ్యి వేసింది.

అంతే, నేను బిగుసుకుపోయాను. ఊగడం ఆగింది. మాట పోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఒళ్లు మాత్రం నాది కాదు. దాన్ని మేం షట్‌డౌన్ అంటాం. భరించలేనిది వచ్చినప్పుడు కొందరికి అరుపు, ఏడుపు వస్తాయి, కొందరికి ఇలా లోపలి నుంచి గడియ పడిపోతుంది. గంటకు పైగా అలా ఉన్నాను.

పది రోజుల తరువాత, జరిగినదాని గురించి మాట్లాడుకునే ఇంటిగ్రేషన్ సెషన్‌కు వెళ్తే ఆవిడ తను రాసుకున్న నోట్స్ చదివి వినిపించింది. నేను ఊగినంతసేపు ‘కలత’ అని ఉంది. బిగుసుకుపోయిన గంటకు ‘ప్రశాంతం, లోతైన స్థితి’ అని ఉంది.

ఈ ఒక్క విషయం మీ అందరికీ చేరితే నా లేఖ పని చాలావరకు అయిపోయినట్టే. మా ఒంటి భాషను మీరు మీ నిఘంటువుతో చదువుతున్నారు. ఊగడం, చేతులు ఆడించడం, ఒకే మాట పదిసార్లు అనడం, గదిలో అటూ ఇటూ నడవడం మాలో చాలామందికి స్థిమితపడే దారులు. కదలకుండా ఉండటం, కళ్లలోకి చూసి చిన్నగా నవ్వడం, ‘ఐ యామ్ ఫైన్’ అనడం చాలాసార్లు కష్టానికి గుర్తులు. డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, తనూ ఆటిస్టిక్ వ్యక్తే, 2012లో దీన్ని రెండువైపులా ఉన్న చిక్కు అన్నాడు. ఆటిస్టిక్ మనిషికి ఎదుటివాళ్లు అర్థం కాకపోవడం ఒక్కటే కాదు, ఎదుటివాళ్లకూ ఆటిస్టిక్ మనిషి అర్థం కాదు. మామూలు గదిలో ఈ చిక్కు వస్తే ఒక మాట తేడా వస్తుంది, సర్దుకుంటాం. తాగినదాని ప్రభావం గంటల తరబడి దిగని గదిలో, తలుపు దాటి వెళ్లడానికి వీల్లేని గదిలో వస్తే సర్దుకోవడానికి దారి ఉండదు.

ఆ చెయ్యికి అనుమతి ఇచ్చింది నేనే. అది దాచను. ఈ రాష్ట్రపు నియమాలు తాకడం గురించి స్పష్టంగానే ఉన్నాయి. కౌగిలించుకోవడం, చేతుల మీద, పాదాల మీద, భుజాల మీద చెయ్యి వేయడం, అంతకు మించి ఏదీ కూడదు. అదీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. నేను కాగితం మీద అన్నింటికీ సరే అని టిక్కు పెట్టాను. ఎందుకంటే నలభై ఏళ్లుగా ఎవరు ఏది అడిగినా సరే అనడమే నా బతుకు నడిచిన పద్ధతి. ఎదుటి మనిషి ముఖంలో ఏ జవాబు కోసం చూస్తున్నారో కనిపెట్టి ఆ జవాబు ఇవ్వడాన్ని మాస్కింగ్ అంటారు. దానిలో ఆరితేరినవాళ్ల సంతకానికి మీరు అనుకున్నంత విలువ లేదు. అందుకని ‘తాకనా, వద్దా’ అని మాత్రం అడిగి ఊరుకోకండి. ఎలాంటి స్పర్శ, ఎంత ఒత్తిడి, ఎక్కడ, అడిగే తాకాలా అన్నది అడగండి. తాకకుండా ఉండటమే మామూలు పద్ధతి అని మీరే ముందు చెప్పండి. అప్పుడు ‘వద్దు’ అనడానికి మాకు ధైర్యం అక్కర్లేదు.

స్పర్శ విషయంలో ఈ రంగానికి ఒక మచ్చ ఉంది, మీకూ తెలుసు. 2015లో కెనడాలోని వాంకూవర్‌లో ఎండీఎంఏ మందు మీద జరిగిన క్లినికల్ ట్రయల్‌లో ఇద్దరు థెరపిస్టులు ఒక మహిళను మంచం మీద అదిమిపట్టిన దృశ్యాలు తరువాత వీడియోలో బయటపడ్డాయి. మందు మీద ఉన్న మనిషి అనే ‘వద్దు’ను ఎంత తేలికగా దాటేస్తారో అది చూసినవాళ్లకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

ఇక మా వాళ్లు అడిగే ప్రశ్న. ఎలా ఉంటుంది? ఏం ఆశించవచ్చు?

ముందుగా ఏం ఆశించకూడదో చెప్పాలి. ఆటిజం పోదు. ఏడీహెచ్‌డీ పోదు. ఒరెగాన్ ఓటర్లు 2020 నవంబర్‌లో సైలోసైబిన్ సెషన్లను అనుమతించే మెజర్ 109ను గెలిపించారు, 2023లో సెంటర్లు తెరుచుకున్నాయి. 21 ఏళ్లు నిండినవారు డాక్టర్ చీటీ లేకుండా రావచ్చు. చీటీ అక్కర్లేదంటే, ఇక్కడ మీరు జబ్బుకు వైద్యం చేయడం లేదని అర్థం. మాలాంటివాళ్ల మీద పరిశోధన ఇప్పటికి బహు కొంచెం. 2018లో ఆలిసియా డాన్‌ఫోర్త్, చార్లెస్ గ్రోబ్ బృందం సామాజిక భయంతో బాధపడే ఆటిస్టిక్ పెద్దవాళ్ల మీద ఎండీఎంఏతో చేసిన అధ్యయనం ఆశ పుట్టించింది, భయం బాగా తగ్గిందని చూపింది. కానీ అందులో ఉన్నవాళ్లు పన్నెండు మంది, అది వేరే మందు. రోజుల తరబడి కొంచెం కొంచెం ఎల్‌ఎస్‌డీ తీసుకుంటే ఏకాగ్రత కుదురుతుందని చెప్పుకునేవాళ్లు 2025లో వచ్చిన ఫలితం చూడాలి. 53 మంది ఏడీహెచ్‌డీ పెద్దవాళ్ల మీద ఆరు వారాలు పరీక్షించి చూస్తే, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకు ఎంత మెరుగైందో ఎల్‌ఎస్‌డీ తీసుకున్నవాళ్లకూ దాదాపు అంతే మెరుగైంది. కాబట్టి ‘ఆటిజంకు బాగా పనిచేస్తుంది’ అని మీలో ఎవరైనా ఫోన్‌లో అంటుంటే, దయచేసి మానేయండి.

మా తెలుగు తల్లిదండ్రులకు ఇక్కడొక మాట. పిల్లలకు ఇది ఇప్పిద్దామా అని ఒక తండ్రి నన్ను అడిగాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి, పాపం రాత్రులు నిద్ర లేదు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. కానీ ఈ ప్రయోగం ఒకసారి జరిగిపోయింది. 1960ల మొదట్లో న్యూయార్క్‌లోని క్రీడ్‌మోర్ ఆసుపత్రిలో లారెటా బెండర్ అనే సైకియాట్రిస్టు ఆటిస్టిక్ పిల్లలకు ఎల్‌ఎస్‌డీ ఇచ్చింది, కొందరికి నెలల తరబడి రోజూ ఇచ్చింది. ఆ పిల్లల్లో చాలామందికి మాటలు లేవు. ‘వద్దు’ అనే దారే లేదు. వాళ్లు లోపల ఏం చూశారో, ఏం పడ్డారో ఏ కాగితం మీదా లేదు. ఇది పిల్లల కోసం కాదు. ఎదిగినవాళ్లకైనా, ఇంట్లోవాళ్లు పంపితే రావలసిన చోటు కాదు.

తనంతట తను నిర్ణయించుకుని వచ్చే మనిషికి ఏం జరగవచ్చో నాకు తెలిసినంత చెప్తాను. తాగిన ఇరవై నుంచి నలభై నిమిషాల్లో మొదలవుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి ఏమీ జరగని ఆ నలభై నిమిషాలే గడవవు. చేతిలో పట్టుకోవడానికి ఏదైనా ఉంచాలి. నేను మా అమ్మమ్మ ఇచ్చిన పూసల సంచి పట్టుకెళ్లాను, అదే నన్ను నిలబెట్టింది. కొంతమందికి వికారం వస్తుంది, గుండె వేగం, బీపీ కొంత పెరుగుతాయి. గంటన్నర, రెండు గంటల దగ్గర ప్రభావం శిఖరానికి చేరుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగుతుంది. శబ్దం, వెలుగు, వాసన, బట్ట కుట్టు, అన్నీ మామూలుగానే మనకు ఎక్కువ, అక్కడ ఇంకా ఎక్కువ కావచ్చు. కొందరికి మాత్రం ఎన్నడూ లేనట్టు నిమ్మళిస్తాయట. ఏది జరుగుతుందో ముందు తెలియదు. మాట పోవచ్చు. రెండో భాష ముందు పోవచ్చు, నాకు అలాగే అయింది. కాలం లెక్క తప్పుతుంది. గడియారం కనబడితే ధైర్యపడేవాళ్లకు గడియారం కనబడేలా ఉండాలి.

భావాలకు పేరు పెట్టలేకపోవడం మాలో సుమారు సగం మందికి ఉంటుందని అధ్యయనాలు చెప్తున్నాయి. కడుపులో ఏదో ఉంది, అది ఆకలా, భయమా, దుఃఖమా తెలియదు. అలాంటి మనిషిని ‘ఇప్పుడు ఏం ఫీలవుతున్నారు?’ అని అడిగితే పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినట్టు ఉంటుంది. ‘ఛాతీ బరువుగా ఉందా? దుప్పటి కావాలా, వద్దా?’ అని అడగండి. చెప్పగలం. ‘లెట్ గో’, ‘ట్రస్ట్ ద ప్రాసెస్’ అనే మాటలు మీ శిక్షణలో ఎన్నిసార్లు వింటారో నాకు తెలియదు, నేను ఆ ఒక్క నెలలో పదకొండుసార్లు విన్నాను. ఒక్కసారీ అవి నాకు ఉపయోగపడలేదు. దేన్ని వదలాలి? ఏ చేత్తో? మాకు నమ్మకం వివరాల్లోంచి వస్తుంది. బాత్రూం ఎటుంది, లైటు స్విచ్ ఎక్కడుంది, మీరు లేచి బయటకు వెళ్లాల్సొస్తే ఎవరు వచ్చి కూర్చుంటారు, పాటల వరుస ఏమిటి, పాట మధ్యలో ఆపమనవచ్చా, ఎన్ని గంటలకు ఇంటికి పంపుతారు. ఇవన్నీ ముందే చెప్పండి. వీలైతే ఆ గది ఫొటో పంపండి. సెషన్‌కు వారం ముందు ఖాళీ గదిలో పది నిమిషాలు కూర్చోనివ్వండి. మీకు ఇవి చిన్నవి. నాకు ఆ రోజు ఇవే దొరకలేదు.

మందుల సంగతి తమాషా కాదు. గత ముప్పై రోజుల్లో లిథియం తీసుకున్నవాళ్లను, ఎప్పుడైనా సైకోసిస్‌కు చికిత్స పొందినవాళ్లను, తమకో ఇతరులకో హాని చేయాలన్న ఆలోచనలో ఉన్నవాళ్లను మీ నియమాలే లోపలికి రానివ్వవు. మంచి నియమం. దానికి తోడు రెండు ప్రశ్నలు మావాళ్లను ప్రత్యేకంగా అడగండి. ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా? ఆటిస్టిక్ మనుషుల్లో మూర్ఛవ్యాధి మామూలు జనంలో కంటే ఎక్కువ. ఏడీహెచ్‌డీకి స్టిములెంట్ మందు వేసుకుంటున్నారా? అదీ గుండె వేగాన్ని పెంచేదే. డిప్రెషన్ మందులు వాడేవాళ్లు చాలామంది ఉంటారు. వాటి వల్ల అనుభవం పలచబడుతుందని సొంతంగా మానేసి వచ్చేవాళ్లను చూశాను. రోజూ వేసుకునే మందు ఆపాలా వద్దా అన్నది రాసిచ్చిన డాక్టరుతో తేల్చుకోవలసిన సంగతి, మీ నోట ఆ సలహా రాకూడదు.

హెచ్1బీ మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు మీరు తప్పక చెప్పవలసినది మరొకటి ఉంది. ఒరెగాన్‌లో, కొలరాడోలో చట్టం ఒప్పుకున్నా, ఫెడరల్ చట్టంలో సైలోసైబిన్ ఇప్పటికీ షెడ్యూల్ 1 మాదకద్రవ్యమే. ఇమిగ్రేషన్ నడిచేది ఫెడరల్ చట్టం మీద. కేసు లేకపోయినా, శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకోవడమే వీసాకూ పౌరసత్వానికీ అడ్డం పడవచ్చు. నేను పౌరసత్వం వచ్చాకే వెళ్లాను. ఆ గదికి రావాలనుకునే మావాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవాలి. ఆటిస్టిక్ మనుషుల్లో చాలామంది అడిగితే అబద్ధం చెప్పలేరు, ఆ సంగతి కూడా గుర్తుంచుకుని ఈ హెచ్చరిక చేయండి. ఫీజు తీసుకున్నాక కాదు, తీసుకోకముందు. ఇక సెలవులకు ఇండియా వెళ్లి కొడైకెనాల్ కొండల్లో ఎవరో అమ్మే పుట్టగొడుగులు తిందామనుకునేవాళ్లకు నా జవాబు ఒక్కటే. అక్కడా సైలోసైబిన్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధమే. పైగా పక్కన కూర్చునే మనిషే ఉండరు.

తరువాతి రోజుల గురించి ఎవరూ నాకు చెప్పలేదు, నేను చెప్తాను. మూడు రోజులు వెలుతురు భరించలేకపోయాను. ఆఫీసు మీటింగుల్లో మాస్కు వేసుకోవడం కుదరలేదు, ముఖం మాట వినలేదు. రెండో వారానికి సర్దుకుంది. కానీ ఉద్యోగానికి మర్నాడే వెళ్లేలా సెషన్ పెట్టుకోవడం తప్పు. కనీసం వారం ఖాళీగా ఉంచుకోమని చెప్పండి.

ఇంత చెప్పాక, వెళ్లినందుకు బాధపడుతున్నానా అని మా తమ్ముడు అడిగాడు. లేదు. చెయ్యి పడేంత వరకూ నేనున్న ఆ నలభై నిమిషాలో, గంటో, నాకు ఎవరూ ఇవ్వలేనిది దొరికింది. ఇప్పుడు ఇంట్లో సాయంత్రం వంట అయ్యాక కుర్చీలో కూర్చుని ఊగుతాను. మా అమ్మాయి చూస్తూ ఉంటుంది, ఏమీ అనదు. మొన్న తనూ వచ్చి పక్కన కూర్చుని ఊగింది.

అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను. మీ తరువాతి ప్రిపరేషన్ సెషన్‌లో ఎదురుగా కూర్చున్న మనిషిని, ఆటిజం ఉందని చెప్పినా చెప్పకపోయినా, రెండు ప్రశ్నలు అడగండి. హాయిగా ఉన్నప్పుడు మీ ఒళ్లు ఏం చేస్తుంది? భరించలేనప్పుడు ఏం చేస్తుంది? వాళ్ల జవాబు వాళ్ల మాటల్లోనే కాగితం మీద రాసి, సెషన్ రోజున మీ కుర్చీ పక్కన పెట్టుకోండి. చిన్నప్పుడు మాట్లాడిన భాష ఏదో కనుక్కోండి. ఆ భాషలో ‘వద్దు’ను ఎలా అంటారో వాళ్ల చేతే పలికించుకుని, మీరూ ఒకసారి పలికి చూడండి. తెలుగులో అది వద్దు. మంచినీళ్లు కాదు.

ఇట్లు,
మీ దగ్గరికి వచ్చిన ఒక క్లయింట్,
హిల్స్‌బరో, ఒరెగాన్